వీపు మాత్రమే కనబడుతుందన్నారు

ముఖం దాచుకుంటే చాలు, మనిషి మొత్తం దాగిపోతాడని నమ్మే వయసొకటుంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. డిగ్రీ తప్పి (ఇంగ్లీషొక్కటే లెండి, మిగతావి బాగానే వచ్చాయి), కడియంలో మా నర్సరీలోనే నాన్న చేతికింద కుండీలు మోస్తూ, ఎవరైనా వచ్చి నన్ను టీవీలో చూపిస్తే బాగుండునని ఎదురుచూస్తుండేవాణ్ణి. ఖర్మకాలి నిజంగానే వచ్చారు. ఒకప్పటి పెద్ద హీరోయిన్ సొంత జీవితం మీద డాక్యుమెంటరీ తీస్తున్నామంటూ ఒక చానల్ వాళ్లు వ్యానేసుకుని దిగారు. సినిమాల్లో చేరిన కొత్తలో, మద్రాసులో తన ఇంటికి మొక్కలు తెచ్చిన కడియం కుర్రాణ్ణి ఆవిడ రహస్యంగా పెళ్లి చేసుకుందట! "ఎవరు చెప్పారండీ ఇదంతా?" అని నాన్న అడిగితే, "మా సోర్సులు మాకున్నాయండి" అన్నాడు డైరెక్టరు, చేమంతులకేసి చూస్తూ.

ఆ కుర్రాడి వేషానికి నన్నడిగారు. "ముఖం కనబడదు బాబూ, వీపు మాత్రమే. మడుల మధ్య అలా నడుచుకుంటూ వెళ్లిపో, చాలు." పాతకాలం చొక్కా కావాలంటే, ట్రంకుపెట్టెలోంచి నాన్న గళ్ల చొక్కా తీసి తొడుక్కున్నాను (అమ్మ ఆ రోజు అన్నవరం వెళ్లింది, లేకపోతే పెట్టె మూత కూడా ఎత్తనిచ్చేది కాదు). మా వంశానికొక నడకుంది. కుండీలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారి, కుడి పాదం బయటికి తిరిగి ఉంటుంది. ఆ నడకే నడిచాను. కూలీలు లేని పూట, నాన్న ఒక్కరే గట్టు మీద నిలబడి చూసి, "బాగానే నడిచావురా" అని మెచ్చుకున్నారు కూడా.

ఆదివారం టీవీలో వేశారు. నా నడకని నలుపు తెలుపు చేసి, మీద గీతలు పెట్టి, వెనకాల వీణ ఏడిపించారు. నన్ను నేను చూసుకుని మురిసిపోయేలోపే పక్క నర్సరీ బాబాయి గుమ్మంలోకొచ్చి, "ఏంటన్నయ్యగారూ, ఇన్నాళ్లూ మాకొక్క ముక్క చెప్పలేదు!" అన్నాడు. నాన్న పెళ్లికి ముందు లారీలో మద్రాసుకి మొక్కలు తీసుకెళ్లేవారని కడియంలో తెలియనివాళ్లు లేరు. చొక్కా ఆయనదే, నడక ఆయనదే. ఇంకేం కావాలి? "బాబాయ్, అది నేను!" అని నెత్తీ నోరూ బాదుకున్నాను. "చూశారా, తండ్రి పరువు కోసం కుర్రాడు ఎలా అడ్డం పడుతున్నాడో" అని కళ్లొత్తుకున్నారు జనం. నేను కాదన్నకొద్దీ నాన్న పెళ్లి ఖాయమైపోతోంది.

మర్నాడు ఆ హీరోయిన్ టీవీలో కనబడింది. "నేనాయనెవరో ఎరగను. నా బతుకు మీకెందుకండీ?" అని ఏడ్చింది. కేసు వేస్తానంది. అమ్మ ఆ ఏడుపంతా చూసి, టీవీ కట్టేసి, నాన్నతో మాట మానేసింది. కంచంలో అన్నం పడేది గానీ మాట పడేది కాదు. "మీ నాన్నని తినమను" అని నాతో చెప్పేది, ఆయన నా పక్కనే కూర్చుని ఉండగా. చెల్లి బిక్కుబిక్కుమంటూ తిరిగేది. నా సరదా మా కొంపలో నిప్పులు పోసిందని కుమిలిపోయాను. ఆఖరికి తెగించి, ఆ చొక్కానే తొడుక్కుని, "ఇప్పుడు చూడమ్మా" అంటూ మడుల మధ్య నడిచాను. కూలీలంతా పని ఆపి చూస్తుంటే, దరిద్రం, కాళ్లు బిగుసుకుపోయి పోలీసు కవాతులా వచ్చింది. "ఇదేం నడకండీ, అది వేరే!" అని తేల్చేశారు. అప్పుడే నాన్న బిందె పట్టుకుని అటుగా వెళ్లారు. ఎడమ భుజం కిందికి, కుడి పాదం బయటికి. "అదిగోనండీ!" అన్నారంతా. నాకు ఆ మడిలోనే పాతుకుపోవాలనిపించింది.

ఆ సాయంత్రం అమ్మ కాళ్ల దగ్గర కూలబడి, "నిజంగా నేనేనమ్మా, నమ్మవే" అని ఏడ్చేశాను.

"నాకు తెలీదేంట్రా? ఆ చొక్కా వీపు మీద అతుకు నేనేసిందే. పెళ్లయ్యాక వేశాను."

"మరి నాన్నతో మాటెందుకు మానేశావు?"

"ఊరంతా వచ్చి అడుగుతుంటే ఆయన ఒక్కసారైనా కాదన్నారా? మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. అక్కడ ఆ ఆడమనిషి కళ్లనీళ్లు పెట్టుకుని అబద్ధమని చెబుతోందే! ఆవిడ మొగుడని పదిమందీ అంటుంటే మురిసిపోతారా ఎవరైనా?"

కిటికీ అవతల నాన్న ఉన్నారని ఇద్దరికీ తెలీదు. ఆయన చెప్పులేసుకుని తిన్నగా టీకొట్టుకెళ్లి, అందరికీ వినబడేలా చెప్పారు. "నేనావిణ్ణి ఎప్పుడూ చూడలేదండి. ఒక్కసారి వాళ్లింటికి మొక్కలు తీసుకెళ్తే వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. క్రోటన్లు బయటే దించి, మంచినీళ్లడిగితే అవీ ఇవ్వలేదండి." మంచినీళ్ల మాటతో ఊరు నమ్మేసింది. ఇంత చిన్నతనం ఎవరూ కల్పించుకుని చెప్పుకోరు కదా. ఇంటికొచ్చాక అమ్మ, "రండి, అన్నం చల్లారిపోతోంది" అంది, ఆయన ముఖంలోకే చూస్తూ. నాన్న తలొంచుకుని తిన్నారు. నేనింకో గంట బెంగ తీరేదాకా ఏడ్చాను.

ఇప్పుడు నాన్న లేరు, నర్సరీ నాదే. ఆ డాక్యుమెంటరీ ముక్కలు ముక్కలై ఫోన్లలో తిరుగుతోంది. మొన్న మొక్కలకొచ్చిన ఒకాయన అది చూపించి, "ఈ హీరో మీ నాన్నగారటగా? లేక మీరేనా?" అని కన్నుగీటాడు. నా చెయ్యి నాకు తెలీకుండానే మీసం దాకా వెళ్లింది. అవతల మా ఆవిడ నీళ్ల పైపు వంచి, నేనేమంటానోనని చూస్తోంది. ముక్కు గోక్కుని, "ఆ నడక నాదేనండి, కథ మాత్రం ఎవరిదీ కాదు. పాపం ఆ హీరోయిన్ని వదిలేయండి" అన్నాను. ఆయన నా బట్టతలనీ ఫోన్లోని జుట్టునీ మార్చి మార్చి చూసి, "అప్పట్లో బాగుండేవారండీ" అన్నాడు. మా ఆవిడ మళ్లీ మొక్కల మీదికి నీళ్లు తిప్పింది.