బూట్ల మీద జై తెలంగాణ

నిన్న చేవెళ్ల బజారులో నా కూతురు కొత్త బూట్లు కొనుక్కుంది. వాటి నిండా వంకర అక్షరాలు, కారిన రంగులు. "గోడల మీది రాతలే ఇప్పుడు ఫ్యాషన్ మమ్మీ," అంది. నాకు తడి జాజు రంగు వాసన వచ్చినట్టయింది.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి, బడిలో డ్రిల్లు కోసం సుద్దముక్కతో రుద్ది తెల్లగా చేసుకునే కాన్వాసు బూట్లు. అరవైతొమ్మిది ఉద్యమంలో మా అన్న, ఇంటి గోడల అంచులకు అవ్వ పూసే ఎర్రటి జాజు డబ్బాను నాతో మోయించాడు. మా ఊరు సురంగల్‌లో కొత్తగా సున్నం వేసిన చర్చి గోడ మీద "జై తెలంగాణ" అని రాశాడు.

"జర నా బూట్ల మీద గూడ రాయన్నా," అని బతిమాలాను.

"అయితే నువ్వు నడిసే గోడవు పో," అని నవ్వుతూ రాశాడు. ఊళ్లో అలాంటి బూట్లు నాకే ఉన్నాయని మురిసిపోయాను.

ఆదివారం, చర్చి పెద్ద అయిన మా బాపు అందరి ముందు అడిగాడు. "గోడ ఖరాబు చేసిందెవరు?"

అన్న నా వైపు చూడలేదు. "నాకేం తెల్వది బాపూ. దాని బూట్లు చూడు," అన్నాడు.

బాపు గోడ కడగమంటే, బకెట్టు పట్టుకుని బయటికి నడిచాను. ఆ రోజు నేను పాడవలసిన పాటను ఇంకో పిల్ల పాడింది. బయట గోడ కడుగుతూ విన్నాను. కిటికీలోంచి చూస్తే అన్న లోపల కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు.

ఇది జరిగి యాభై ఏళ్లు దాటాయి. ప్రార్థనలో అన్న పేరు ఏనాడూ మరవలేదు. క్షమించానన్న మాట మాత్రం గొంతు దాటదు. ముందే నా చెవిలో ఒక్క మాట అడిగి ఉంటే, ఆ తప్పు నాదేనని నేనే చెప్పేదాన్ని.