వాపసు అడిగిన ఆమెన్

బుధవారం సాయంత్రం ఆరుంబావుకు మా పెద్దమ్మ లాంతరు గాజును బూడిదతో తుడిచేది. (మా ఇంట్లో గడియారం లేదు. జనగామ పోయే ఆఖరి బస్సు మా ఊరి మలుపులో హారన్ కొట్టేది ఆ వేళకే కాబట్టి ఇంత కచ్చితంగా రాయగలుగుతున్నాను.) గాజు తుడిచిందంటే ఆ పూట ప్రార్థన కూడిక ఉందని అర్థం. ఆ రోజుల్లో, అంటే అరవై తొమ్మిది ప్రాంతంలో, జఫర్‌గఢ్ దాపున ఉన్న మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు పది పన్నెండుకు మించవు. చర్చి లేదు. అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చి వెళ్లేవారు. మిగతా వారాల్లో మమ్మల్ని మేమే చూసుకునేవాళ్లం, ఒక్కో వారం ఒక్కో ఇంట్లో చాప పరుచుకుని.

ఆ కూడికలకు ఎవరూ రాసిపెట్టని నియమాలుండేవి. ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థించాలి. ప్రార్థించేవాళ్లు కళ్లు మూసుకోవాలి, వినేవాళ్లూ మూసుకోవాలి. మధ్యలో అడ్డు మాట్లాడకూడదు. కళ్లు మూసుకున్న మనిషిని, ఇల్లు కాలుతున్నా సరే, కదిలించకూడదు. ముగిశాక అందరూ ఆమెన్ అనాలి. ఇవన్నీ భక్తి కోసం పెట్టుకున్నవే. కానీ మాటలు మానేసిన ఇద్దరు మనుషులకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు మరొకటి ఉండదని మా పెద్దమ్మనూ, టీచరమ్మనూ చూశాక నాకు తెలిసింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క, నన్ను పెంచిన మనిషి. టీచరమ్మ గుంటూరు వైపు నుంచి మా ఊరి సర్కారు బడికి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన కొత్తలో ఇద్దరికీ ఒకే కంచంలో తిన్నంత స్నేహం. చెడింది ఒక బుధవారం. పెద్దమ్మ ప్రార్థన చేస్తూ, "నాయినా, మా బర్రెకు పానం బాగలేదు, నువ్వు జర సూడు" అంది. అయిపోయాక టీచరమ్మ నవ్వుతూ, "అక్కగారూ, ప్రభువుతో 'జర సూడు' అంటారా ఎవరైనా? 'దయచేసి చూడుము' అనాలండీ" అంది. మంచి ఉద్దేశంతోనే అంది. పెద్దమ్మ లాంతరు వత్తి తగ్గించి, "యాబై ఏండ్ల సంది ఆయనకు నా మాట సమజైంది. ఇప్పుడు కొత్తగ సమజ్ కాకుంట పోతదా?" అని లేచి వెళ్లిపోయింది. బర్రె బాగైంది గానీ స్నేహం బాగవలేదు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నదంతా ప్రార్థనలోనే. "ప్రభువా, తొందరపడి అలిగే హృదయములకు శాంతి దయచేయుము" అని టీచరమ్మ అంటే అందరం ఆమెన్ అనేవాళ్లం. వెంటనే పెద్దమ్మ అందుకునేది: "నాయినా, సదువు ఎక్కువైనోళ్ల నెత్తికి జర సల్లదనం ఇయ్యి." దానికీ ఆమెన్. ఒకసారి పెద్దమ్మ, "తండ్రీ, నా ఇత్తడి గిన్నె దస్రా సంది ఎవరింట్లనో ఉన్నది, ఆల్లకు యాదికి తే" అని వేడుకుంది. మర్నాడు తెల్లారేసరికి గిన్నె మా గడపలో ఉంది, చింతపండుతో తోమి. ప్రార్థనలు ఇంత వేగంగా ఫలించడం నేను మళ్లీ చూడలేదు.

చివరికొక బుధవారం పెద్దమ్మ గొంతు తగ్గించి ఇలా ప్రార్థించింది: "నాయినా, ఆ చెల్లె మా నడుమ శానా కష్టపడుతున్నది. మా మాట ఆమెకు నచ్చదు. ఆమెను ఆమె దేశానికి, ఆమె మాట తెలిసినోళ్ల దగ్గరికి చేర్పియ్యి. ఆలస్యం చెయ్యకు." అందరం ఆమెన్ అన్నాం. డోలక్ వాయించే తాత రెండు సార్లు అన్నాడు. (ఆయనకు చెవుడు. పక్కవాళ్ల పెదవులు చూసి ఒకసారి, అనుమానం వచ్చి ఇంకోసారి అనేవాడు. పెదవులు చూడాలి కాబట్టి కళ్లు తెరిచి ఉంచే అనుమతి ఆయన ఒక్కడికే ఉండేది.)

తెలంగాణ లొల్లి మొదలైంది ఆ తర్వాతే. నేను రోజూ బస్సులో వెళ్లొచ్చే కాలేజీ మూతపడింది. ఊరేగింపుల్లో అరిచి అరిచి, గొంతు పోయి, ఇంటికొచ్చాను. బయటి నుంచి వచ్చిన ఉద్యోగులు వెళ్లిపోవాలని నేను కూడా అరిచాను. అరుస్తున్నప్పుడు నా కళ్ల ముందు ఏ మనిషీ లేదు, ఉద్యోగులు అనే మాట మాత్రమే ఉంది. వారం తిరక్కుండా జనగామ కుర్రాళ్లు కొందరు మా బడికి వచ్చి, శనివారంలోగా ఊరు విడిచి వెళ్లమని టీచరమ్మకు చెప్పి వెళ్లారు. గట్టిగా ఏమీ అనలేదట. కానీ మళ్లీ వస్తామన్నారట.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దమ్మ మిరపకాయలు దంచుతోంది. రోకలి పక్కన పెట్టి కూలబడింది.

"నేనే పంపిస్తున్న బిడ్డా."

"నువ్వేంది పెద్దమ్మా? ఇది రాజకీయం. నౌకర్ల లొల్లి, ముల్కీల లొల్లి."

"అవన్ని నాకు తెల్వది. నేనడిగిన, ఆయన చేసిండు. గని గింత పెద్దగ చేస్తడనుకోలే. ఒక్క టీచరమ్మ కోసం పట్నందాక పోరగాళ్లను లేపిండు సూడు!"

నేను కాలేజీ చదువు చదివినవాణ్ని కదా, కారణానికీ కాకతాళీయానికీ తేడా ఏమిటో విడమరిచి చెప్పాను. పెద్దమ్మ ఓపికగా విని, "అయిపోయిందా? ఇగ నీ ఆమెన్ వాపస్ ఇయ్యి" అంది. తనొక్కతే ఇప్పుడు వద్దని ప్రార్థించగలదట. అది చాలదట. పదిమంది ఆమెన్ అన్నదాన్ని ఒక్కరు ఎలా ఆపగలరు?

"ఆమెన్ వాపస్ ఎట్లిస్తరు పెద్దమ్మా? గదేమన్న గిన్నెనా?"

"నోటితోని ఇచ్చినవు, నోటితోనే ఇయ్యి. కండ్లు మూసుకో."

ఇచ్చాను. తర్వాత నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు భయపడ్డారు, అందరూ ఇచ్చారు. డోలక్ తాత దగ్గరే ఆలస్యమైంది. పెద్దమ్మ ఆయన చెవిలో అరుస్తుంటే వాడంతా వచ్చి నిలబడింది. "గట్ల ప్రార్థన చేసినవా నువ్వు? సిగ్గులేదా?" అన్నాడు తాత. "నువ్వు రెండు సార్లు ఆమెన్ అన్నవ్, నీకున్నదా?" అంది పెద్దమ్మ. తాత కొంచెం ఆలోచించి రెండూ వాపసు ఇచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోటి పైన ఇచ్చాడు.

ఇక మిగిలింది టీచరమ్మ ఆమెన్. ఆ బుధవారం ఆమె కూడా మా మధ్యే కూచుంది కదా. ఆమె గది తలుపు తీసే ఉంది. లోపల ట్రంకు పెట్టె నోరు తెరుచుకుని ఉంది, సగం చీరలు మంచం మీద ఉన్నాయి. పెద్దమ్మ గడపలో నిలబడింది. నెలల తరబడి మాటల్లేని మనిషిని ఎలా పలకరించాలో తెలియక, నిలబడ్డచోటే కళ్లు మూసుకుంది.

"నాయినా, ఈ ఇంట్ల ఒక ఆమెన్ ఉన్నది. నేను తప్పడిగిన. ఆమె అది వాపస్ ఇస్తే నీకు లెక్క సాఫ్ అయితది. ఆమెను పంపకు."

టీచరమ్మ చేతిలో చీరతో అలాగే నిలబడి, తనూ కళ్లు మూసుకుంది. "ప్రభువా, అక్కడ తమ్ముడి ఇంట్లో వంటగది పక్కన చాప తప్ప నాకేమీ లేదు. ఆ సంగతి నీకు తెలుసు, అక్కగారికి తెలియదు." ఆగింది. తర్వాత ఆ నియమాలన్నీ పక్కన పెట్టి కళ్లు తెరిచింది. "అక్కగారూ, ఆ రోజు నేను ఆమెన్ అనలేదండీ. పెదవులు కదిపానంతే."

పెద్దమ్మ కూడా కళ్లు తెరిచింది. "అనలేదా? అనకుంటనే నన్ను ఊరంత తిప్పినవా?" అని కొంగుతో మొహం తుడుచుకుని, ట్రంకు పెట్టె మూసి, ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టమని నాకు సైగ చేసింది. "ఊర్ల ఉండొద్దన్నరు గని, నా ఇంట్ల ఉండొద్దని ఎవడన్నడు?"

శనివారం పొద్దు వాలుతుండగా కుర్రాళ్లు వచ్చారు. పెద్దమ్మ వాళ్లను దూరం నుంచే చూసి, "చెల్లే, కండ్లు మూసుకో. నేను చెప్పేదాక తెరువకు" అని చెప్పి, వాకిట్లో నిలబడింది.

"అవ్వా, టీచరమ్మ ఉన్నదా?"

"ష్. ప్రార్థనల ఉన్నది."

"ఎంతసేపైతది?"

"నాకేమెరుక? ఆమెకు, ఆయనకు మాటలున్నయి."

ఆ కుర్రాళ్లలో ఒకడు నాతో పాటు ఊరేగింపులో నడిచినవాడు. తలుపు సందులోంచి నన్ను చూసి, "అరే, నువ్వేందిరా గిక్కడ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ, "వాడు సుత ప్రార్థనల ఉన్నడు" అంది. నేను గభాల్న కళ్లు మూసుకున్నాను. అంత మనస్ఫూర్తిగా ప్రార్థించిన సందర్భాలు నా జీవితంలో తక్కువ. కుర్రాళ్లు చెప్పులు విప్పి అరుగు మీద కూచున్నారు. పెద్దమ్మ మంచినీళ్లిచ్చింది, పేలాలు పెట్టింది. తలుపు దాటి లోపలికి రావాలని ఒక్కడికీ అనిపించలేదు. పూజలోనో ప్రార్థనలోనో ఉన్న మనిషిని కదిలించని ఇళ్లలోనే వాళ్లూ పెరిగారు. ఆరుంబావుకు ఆఖరి బస్సు హారన్ కొట్టింది. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డుకేసి పరుగెత్తారు. వెళ్తూ వెళ్తూ ఒకడు, ఎందుకన్నాడో గానీ, ఆమెన్ అన్నాడు.

తర్వాత ఇంకోసారి వచ్చారు. అప్పుడూ ప్రార్థనే. ఆ మీదట రాలేదు. లొల్లిలో మూతపడ్డ బళ్లు మళ్లీ తెరిచేదాకా టీచరమ్మ మా ఇంట్లోనే ఉంది. ఇద్దరూ నోరారా, కళ్లు తెరుచుకుని పోట్లాడుకునేవాళ్లు.

పెద్దమ్మ ఎనభైల్లో పోయింది. టీచరమ్మ అప్పటికి మానుకోటలో పనిచేస్తోంది. కబురు అందగానే రైలెక్కి వచ్చింది. సమాధి దగ్గర అయ్యగారు ముగించాక, నేనొక మాట చెప్పుకోవచ్చా అని అడిగింది. కళ్లు మూసుకుని, "నాయినా, మా అక్క వస్తున్నది. జర సూడు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అందరం ఆమెన్ అన్నాం. డోలక్ తాత అప్పటికి లేడు. రెండోసారి అనడానికి ఎవరూ లేరు.

ఆమెన్‌ను వాపసు తీసుకోలేమని వాదించిన ఆ కాలేజీ కుర్రవాడు ఇప్పుడు ముసలివాడయ్యాడు. వాదన సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాడు. అయినా ఎవరైనా ప్రార్థిస్తుంటే, చివరి మాటదాకా విన్నాకే నోరు తెరుస్తాడు. మా ఊళ్లో చర్చి కట్టారు, మైకు పెట్టారు, అయ్యగారు అక్కడే ఉంటారు. ప్రార్థన ఆయనొక్కరే చేస్తారు. ఇళ్లలో చాప మీద కూచుని ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థించడం ఇప్పుడు లేదు.