పులివెందుల డోరు

మొన్న బుధవారం పొద్దున జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదట. ప్రార్థన చేసుకుని పడుకున్న మనిషి నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ప్రొద్దుటూరు నుంచి నేను చేరేసరికి వాకిలి నిండా జనం. చాలామంది ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ షెడ్డులో ఉన్న పాత అంబాసిడర్‌ను చూసి, మెల్లగా నన్ను అడిగింది.

"కారంతా తెల్లగా ఉంది గదమ్మా, ఆ ఒక్క డోరు ఆకుపచ్చగా ఎందుకుంది?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆ డోరు నా పెళ్లికి వచ్చింది.

కారు మా మామ కొన్నది. సంఘంలో ఎవరి పెళ్లయినా పెళ్లికూతురు అందులోనే చర్చికి వెళ్లేది. మామ పోయాక మేనత్తే స్టీరింగు పట్టింది. కొంగు నడుముకు దోపి, నల్లద్దాలు పెట్టుకుని తోలేది. దారి ఇచ్చిన ప్రతివాడికీ కిటికీలోంచి చెయ్యెత్తి దండం పెట్టేది. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కొన్నేళ్లు కారు బయటికి తీయలేదు. షెడ్డు రేకు చిల్లు పడి, వాననీళ్లన్నీ కారు ఎడమపక్క మీదే కారాయి.

నాకు నాన్న లేడు. పెళ్లి కుదిరిన రోజు మేనత్త నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను చర్చికి మన కారులోనే పిల్చుకపోతా. మా తమ్ముడు ఉంటే అట్లే చేయమంటాండె" అంది. మర్నాడు షెడ్డు తెరిస్తే ఎడమ ముందు డోరు కింద చెయ్యి దూరేంత కన్నం కనబడింది. మడ్‌గార్డును వేలితో తాకితే తుప్పు పొడిపొడిగా రాలింది.

ప్రొద్దుటూరులో ఒక టింకరింగ్ మేస్త్రీ ఉన్నాడు. కువైట్‌లో చాలాకాలం కార్ల బాడీ పని చేసి వచ్చినవాడు. వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంజను బాగుంది టీచరమ్మా. ఈ రేకుకు అతుకేస్తే, రేపు ఆ అతుక్కు ఇంకో అతుకేయాల. వేరే బండివి దొరికితే మారుద్దాం."

"యాడ దొరుకుతాయప్పా?"

"అదే తెలీదు. ఈ బండ్లన్నీ ఎప్పుడో తూకానికి పోయినాయి."

మా అమ్మ నగల అంగళ్లలో తిరుగుతుంటే, మేనత్తా నేనూ పాత ఇనుము అంగళ్లలో తిరిగాం. మడ్‌గార్డు త్వరగానే దొరికింది. ఒక అంగడి వెనక గోడకు ఆనించి, దాని మీద గోనెసంచులు ఆరేశారు. డోరు మాత్రం ఎక్కడా లేదు. చివరికి ఒక లారీ డ్రైవరు, పులివెందుల దగ్గర బత్తాయిలు కాసే చీనీ తోటలో ఆకుపచ్చ అంబాసిడర్ ఒకటి పడి ఉందని చెప్పాడు.

మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లాం. టైర్లు లేని కారు చీనీచెట్ల మధ్య నేలకు ఆనుకుని ఉంది. ఎడమ డోరు మాత్రం చెక్కుచెదరలేదు. తోట గల అవ్వ ఇస్తానంది. మేస్త్రీ సుత్తి తీయగానే అడ్డం నిలబడింది.

"ఆగప్పా. వెనక సీట్లో కోడి గుడ్లు పొదుగుతాంది. పిల్లలు లేసేదాకా సుత్తి చప్పుడు కాకూడదు."

"పెండ్లి దగ్గరపడె గదవ్వా" అన్నాడు మేస్త్రీ.

మేనత్త కిటికీలోంచి తొంగిచూసింది. కోడిపెట్ట ఒంటికన్నుతో ఆమెను చూసింది. "పోదాం పా మేస్త్రీ" అని మేనత్త వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చాక మా అమ్మకు కోపం ఆగలేదు. "కోడి కోసం పెండ్లి ఆపుదామా వదినా? బాడుగ కారు మాట్లాడుకుంటే ఏం?"

"పెండ్లీ ఆగదు, కోడీ ఆగదు. దేని టైముకు అది అయితాది లేమ్మా."

పైకి అలా అన్నదే గానీ, రోజూ అవ్వకు ఫోను చేసేది. పెళ్లి వారంలో అటునుంచే ఫోను వచ్చింది. గుడ్లు పగిలి పిల్లలు లేచాయి. అదే పూట మేస్త్రీ డోరు ఊడదీసుకొచ్చాడు.

బిగిస్తే అది ఒక పట్టాన కుదరలేదు. పైన సందు, కింద రాపిడి. మేస్త్రీ మళ్లీ విప్పి, కీలు కింద పలచని రేకు ముక్క పెట్టి బిగించాడు. మేనత్త డోరును భుజంతో ఎత్తిపట్టుకుంది. ఒకసారి అతను మోకాలితో తన్ని మూయబోతే ఆపింది. "బాదితే మూసుకునే డోరు నాకొద్దప్పా. బిడ్డ పండుకున్న ఇంటి తలుపు మాదిరి మూసుకోవాల." మళ్లీ విప్పారు. సాయంత్రానికి అది మెత్తగా 'టక్' మంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రంగుకు టైము మిగల్లేదు. తెల్ల కారు, ఆకుపచ్చ డోరు, బూడిదరంగు మడ్‌గార్డు. మేస్త్రీ దిగాలు పడ్డాడు. "మూడు రంగులతో పెండ్లికి పోతే నా పేరేం గావాల టీచరమ్మా?"

"పని ఎవరిదంటే నీదని చెప్తా. రంగేదంటే నా తొందరని చెప్తా."

పెళ్లిరోజు పొద్దున్నే అవ్వ బస్సు దిగింది. మేనత్త ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టింది. చర్చి ముందు అవ్వ దిగి డోరు తట్టి, మగపెళ్లివాళ్లందరికీ చెప్పింది: "ఇది మాదే." మేస్త్రీ కొత్త చొక్కాలో వచ్చి, అడిగినవాడికల్లా డోరు తీసి, మూసి చూపించాడు. తర్వాత మడ్‌గార్డుకు తెల్లరంగు పడింది గానీ, డోరును మేనత్త ముట్టుకోనివ్వలేదు. "అది పులివెందులది. దాని రంగు దానికుండనీ" అనేది.

పెళ్లిరోజు మధ్యాహ్నం నన్నూ మా ఆయన్నూ వెనక కూర్చోబెట్టుకుని ప్రొద్దుటూరుకు తానే తోలింది. ముందు సీట్లో అవ్వ నిద్రపోయింది. రెండు పక్కలా శనగ చేలున్న చోట మేనత్త కారు ఆపి దిగింది. ఇంజను వేడెక్కిందేమో అనుకున్నాం. ఆమె కారు చుట్టూ తీరిగ్గా ఒకసారి తిరిగింది. ముందుకొచ్చి నిలబడి, నల్లద్దాలు తీసి, కారును పైనుంచి కిందికి చూసింది. మేము చూస్తున్నామన్న ధ్యాస లేదు. చేలమీది గాలికి పట్టుచీర కొంగు విడిపోయి ఎగురుతోంది. పట్టుకోవాలని కూడా తోచక, రోడ్డు మధ్యలో నిలబడి తనలో తానే నవ్వుకుంటోంది.