అమ్మ తలమీది ఒట్టు

ఏలూరులో నాకు క్లినిక్ ఉన్నా, గురువారాలు కైకలూరు వెళ్లి, చేపల మేత అమ్మే దుకాణం మేడ మీద ఒక గదిలో రోగుల్ని చూస్తాను. ఆ గది కావాలనే తీసుకున్నాను. మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తున్నామని చెప్పుకోవడం మన వాళ్లకి నామోషీ. మేత కోసం వెళ్తున్నామంటే ఎవరూ రెండో మాట అడగరు. కొందరైతే అబద్ధం నిజం చేయడానికి ఒక బస్తా కొనుక్కుని మరీ పోతారు. దుకాణం ఆయనకి నేనంటే అంత గౌరవం అందుకే.

వచ్చిన కుటుంబాలన్నీ దాదాపు ఒకటే కోరతాయి. "కాస్త ధైర్యం చెప్పండి డాక్టరు గారూ" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. ధైర్యం చెప్పడానికి ఊరంతా ఉంది. చెప్పీ చెప్పీ ఆ మనిషిని ఇంకా మూలకి నెట్టి ఉంటారు. నా పని చెప్పడం కాదు, అడగడం. ఆ పని నాకు బాగా వచ్చు. ఆ మాట అనుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఒక వానాకాలం కొల్లేటి పక్క ఊరి నుంచి తల్లీ, కొడుకూ, కోడలూ వచ్చారు. కొడుకు సొంత చేపల చెరువు చూసుకుంటాడు. రాత్రిళ్లు గట్టు మీది కాపలా షెడ్డులో ఒక్కడే పడుకుంటాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. తిండి లేదు, నిద్ర లేదు, పలకరిస్తే నవ్వుతాడు, అంతే. కిందటి నెల భార్యతో "నేను లేకపోయినా మీకు గడిచిపోతుందిలే" అన్నాడట. ఆ మాట చెవిన పడగానే తల్లి, ఏ తల్లయినా చేసే పనే చేసింది. కొడుకు అరచెయ్యి తన నడినెత్తిన పెట్టుకుని, అలాంటి ఆలోచన ఇంకెప్పుడూ మనసులోకి రానివ్వనని ఒట్టు వేయించుకుంది.

"నా బిడ్డ నా మీద ఒట్టు తప్పడండీ. ఇంక ఆ భయం లేదండీ. నిద్రకి ఏదైనా బిళ్ల రాసిచ్చేయండి, సాయంత్రానికి చెరువు కాడికి వెళ్లిపోవాలి" అంది ఆవిడ నిబ్బరంగా.

ఆవిడకి భయం పోయిన చోటే నాకు భయం మొదలైంది. ఆలోచన రానివ్వనని ఒట్టేయడం, తుమ్ము రానివ్వనని ఒట్టేయడం ఒకటే. వచ్చి తీరుతుంది. వచ్చాక, వచ్చిందని ఎవరికీ చెప్పుకునే దారి ఉండదు.

ఇలాంటి మాటలు ఇంటివాళ్ల ముందు పెగలవు. ఆడవాళ్లిద్దర్నీ వరండాలో కూర్చోమన్నాను. చెరువు గురించి, నిద్ర గురించి అడిగాను. "బానే ఉందండీ", "పర్లేదండీ" అంటూ మర్యాదగా దాటేస్తున్నాడు. మా గోదారి వైపు మర్యాద గొప్పదే గానీ, నా గదిలో మాత్రం అది తలుపుకి వేసిన గడియ. ఇక నేరుగా అడిగేశాను.

"బాబూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. ఉన్నదాన్ని చెప్పుకోవడానికి చోటు దొరుకుతుంది, అంతే.

"అమ్మకి జ్వరం వచ్చిందండీ" అన్నాడతను. "ఒట్టేసిన వారానికే వచ్చిందండీ. నేను వద్దనుకుంటున్నా ఆ ఆలోచన వస్తానే ఉందండీ. వచ్చిన ప్రతిసారీ ఒట్టు తప్పినట్టే కదండీ. అది అమ్మకి తగిలింది. ఇంకొన్నాళ్లు నేనుంటే అమ్మ పోతుందండీ."

కొడుకుని కాపాడుకోవడానికి వేయించుకున్న ఒట్టే కొడుకుని అంచుకి తోస్తోంది. అతను కోలుకున్నాడని ముందే చెప్పేస్తున్నాను, నెలలు పట్టింది గానీ కోలుకున్నాడు. ఆ పూట మాత్రం ఆ సంగతి నాకు తెలియదు.

ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఎలా అని అనుకున్నాడు, దానికేమైనా సిద్ధం చేసుకున్నాడా, ఇంతవరకూ ఏది ఆపింది, అన్నీ ఒక్కొక్కటే అడిగాను. అన్నిటికీ చెప్పాడు. ఆ జవాబులు ఇక్కడ రాయను. ఆ సాయంత్రం అతను ఒంటరిగా షెడ్డుకి వెళ్లకూడదని తేలిపోయింది. ఇంటివాళ్లకి చెప్పడానికి అతను సరేనన్నాక ఇద్దర్నీ లోపలికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆ జ్వరం నాట్లలో తడిసి వచ్చిందిరా పిచ్చి సన్నాసీ!" అని తల్లి ఏడ్చేసింది. నేను ఒట్టు తీసేయమనగానే నా మీదికి తిరిగింది. "ఒట్టు కూడా లేకపోతే నేనింక దేన్ని నమ్ముకుని కునుకు తీయనండీ?"

"ఒట్టు తీసి గట్టున పెట్టండి పిన్నిగారూ, మీకు గట్లకేం కొదవ? నమ్ముకోవడానికి వేరేవి చెబుతాను" అన్నాను.

చెప్పాను. కోడలికి ఒక తమ్ముడున్నాడట, చెరువు కాపలాకి అతను వెళ్లాలి. ప్రమాదకరమైన సామానేదీ అతనికి అందకూడదు, షెడ్డులోనూ ఇంట్లోనూ. మాత్రలు కొద్దికొద్దిగానే ఇస్తాను, అవి కోడలి దగ్గరే ఉండాలి. పగలూ రాత్రీ ఎవరో ఒకరు పక్కనుండాలి. వచ్చే గురువారం దాకా ఆగకుండా సోమవారమే ఏలూరు తీసుకురావాలి. ఈలోపు ఏ వేళైనా సరే నాకు ఫోను చేయాలి. ఇందులో ఏ ఒక్కటి కుదరదన్నా ఆ పూటే ఆస్పత్రిలో చేర్పించేదాన్ని. కోడలు కొంగు దోపుకుని అక్కడే తమ్ముడికి ఫోను చేసింది.

తల్లి కళ్లు తుడుచుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని మళ్లీ తన నెత్తిన పెట్టుకుంది. ఇంకో ఒట్టు వేయిస్తుందేమోనని నేను కుర్చీలోంచి లేచాను కూడా.

"ఆ ఒట్టు నేను తీసేశాన్రా" అంది ఆవిడ. "వస్తే రానీ. వచ్చినప్పుడు నాకు చెప్పు."

అతను చెయ్యి తీయలేదు.

"ఇప్పుడు కూడా ఉందమ్మా" అన్నాడు.

"ఉండనీ నాన్నా, నేనూ ఉన్నాను" అంది. ఆ సాయంత్రం ముగ్గురూ కలిసి ఇంటికే వెళ్లారు.