ఫిరోజీ చొక్కా గుర్రం

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నాకు అన్నం పెట్టే మగ్గాల మీద ఒట్టు, నా భార్య మీద ఒట్టు. అప్పటికీ నమ్మకం కుదరకపోతే సూరత్‌లో ఉధనా స్టేషన్ బయట నేను రోజూ తాగే చాయ్ మీద ఒట్టు. ఇన్ని ఒట్లు ఎందుకంటే మా కార్ఖానాలో నాకున్న పేరు అలాంటిది. ఒకసారి పనికి ఆలస్యమై, తాపీ నది మీద వంతెన కొంచెం పక్కకు జరిగిందని, అది మళ్లీ చోటుకు వచ్చేదాకా ఆగానని సేఠ్‌కు చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ కూలీ మాత్రం కోయలేదు.

ఇది మా బావ సంగతి. బావ అంటే నా భార్యకు సొంత అన్న. సూరత్ పక్కన పల్సానాలో బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేస్తాడు. నేను నేసేది తెల్లటి కోరా గుడ్డ, దానికి రంగు ఎక్కేది ఆయన చేతుల్లో. ఆ రంగు గుడ్డతో ఆగదు, మోచేతుల దాకా పాకుతుంది, సబ్బుకు లొంగదు. సూరత్‌లో ఆ వారం ఏ రంగు చీరలు తయారవుతున్నాయో తెలుసుకోవాలంటే బజారుకు వెళ్లక్కర్లేదు, మా బావ అన్నం కలుపుకునేటప్పుడు చూస్తే చాలు.

కిందటి వానాకాలంలో ఆయన భార్య జ్వరంతో చనిపోయింది. పిల్లలు లేరు. అప్పటినుంచి ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు, పెట్టింది తినేవాడు, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు. మాట ఉండేది కాదు. ఒక ఆదివారం చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"ఉగాదికి ఊరికి పోతున్న. ఇగ మళ్ల రాను."

ఊళ్లో ఆయనకు ఎవరూ లేరు. ఆయన వెళ్లాక నా భార్య గిన్నెలు ముందేసుకుని కూర్చుంది గానీ తోమలేదు.

"ఆడికి పోయి ఒక్కడే కూసుంటడు. ఏదో ఒకనాడు తినుడు గూడ బంద్ జేస్తడు. నాకు దెలుసు మా అన్న సంగతి," అంది.

"నేనేం జెయ్యాలె?"

"ఊకె దునియా మొత్తానికి కతలు జెప్తవు గదా. గా కతలు ఒక్కనాడన్న మా అన్నకు పనికొచ్చేటట్టు జెయ్యి. నవ్విచ్చు. మా అన్న ఈడనే ఉండాలె."

నాకు మనుషుల్ని నవ్వించడం అంతగా రాదు, ఆశపెట్టడం వచ్చు. మనిషి ఒక చోట ఉండిపోవాలంటే రేపటి కోసం ఎదురుచూసేది ఏదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాను. తరువాతి ఆదివారం తెల్లవారే రైల్లో బావను ముంబై గుర్రప్పందాలకు తీసుకుపోయాను. నా భార్యకు మాత్రం సముద్రం చూపించడానికి అని చెప్పాను.

రైల్లో వల్సాడ్ దాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. నేనే జాక్‌పాట్ గురించి ఎత్తుకున్నాను.

"అయిదు పందాలు బావా. ఒకటెనుక ఒకటి. అయిదింట్ల ఏ గుర్రం గెలుస్తదో మొదటి పందెం కంటె ముందే రాసియ్యాలె. అయిదుకు అయిదు గెలిస్తె మనం రాజులం."

"ఒకటి తప్పితె?"

"టికెట్టు చింపి గాలికి ఎగరేసుడే."

"గట్లయితె ఎవలికి తగుల్తది?"

"ఎవలికో ఒకలికి తగుల్తది గదా. గా ఎవలో మనమే ఎందుకు గాకూడదు?"

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. నేను ఇంకో రెండు కథలు చెప్పాను గానీ అవి ఇక్కడ అప్రస్తుతం.

మైదానంలో మెట్ల మీద కూర్చున్నాక పందాల పుస్తకం తెరిచాను. ఏ గుర్రానికి ఎంత బలం ఉందో, మొన్న ఎలా పరుగెత్తిందో అందులో రాసి ఉంటుంది. మా ఇద్దరికీ అదంతా అయోమయం. అయితే ప్రతి గుర్రం పేరు పక్కన దాని మీద కూర్చునే జాకీ వేసుకునే చొక్కా రంగు కూడా రాసి ఉంటుంది. నేను ఇంగ్లీషు కూడబలుక్కుని ఆ రంగులు చదవసాగాను. అక్కడ మా బావ తల పైకి లేచింది.

"ఎర్ర చొక్కా, పసుపు చేతులు. దీని మీదనే అందరు కాస్తున్నరట బావా."

"వద్దు. ఎరుపు పక్కన పసుపు పెడితె ఒక్క ఉతుకుకే ఎరుపు దిగి పసుపును పాడు జేస్తది. రాసిపెట్టుకో, గది గెలువది."

"నల్ల చొక్కా?"

"నలుపు మంచిగ ఎక్కాలంటె శానసేపు ఉడకాలె. గా గుర్రానికి గంత ఓపిక ఉన్నట్టు లేదు."

ప్రపంచంలో ఇంకెవరూ గుర్రాన్ని ఇలా ఎంచి ఉండరు. మా బావ గుర్రం కాళ్లు చూడడు, చొక్కా రంగు పక్కాదా కచ్చాదా అని చూస్తాడు. కానీ నెలల తరబడి నోరు విప్పని మనిషి మాట్లాడుతున్నాడు, నేను ఎందుకు అడ్డుపడతాను? మొదటి పందానికి చిలకపచ్చ, రెండోదానికి క్యారెట్ రంగు, మూడోదానికి ముదురు గులాబీ రాణి రంగు, నాలుగోదానికి పిస్తా ఖాయం చేశాడు. అయిదో పందెంలో ఎవరూ కన్నెత్తి చూడని ఒక గుర్రం ఉంది. దాని జాకీది ఫిరోజీ చొక్కా. బావ తన చేతులు నా ముందు పెట్టాడు. ఆ వారమంతా మిల్లులో నడిచింది ఆ నీలమే, మోచేతుల దాకా ఉంది.

"గిది నాది," అన్నాడు.

మా పక్కన సూరత్‌లోని వరాఛా నుంచి వచ్చిన ఒక కాకా కూర్చున్నాడు. వజ్రాలు సానపట్టే మనిషి. వజ్రంలో మచ్చ వెతికే చిన్న అద్దం కంటికి పెట్టుకుని గుర్రాలను చూస్తున్నాడు. ఆ అద్దంలో వేలెడు దూరం దాటితే ఏమీ కనబడదు, అలవాటు ఊరుకోదు కాబోలు. బావ రంగులు ఎంచడం విని మా వైపు జరిగాడు.

మొదటి పందెం మొదలైంది. గుర్రాలు అటువైపు ఎక్కడో మలుపులో చీమల్లా కదిలి, ఒక్కసారిగా మా ముందునుంచి దుమ్ములా దూసుకుపోయాయి. చిలకపచ్చ గెలిచింది. ఆ గుర్రం గెలవగలదని దాని జాకీకి కూడా తెలియదు, దిగాక తనకు తానే షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాడు. "జీత్ గయా," అన్నాడు కాకా. బావ నా ముఖం వైపు చూశాడు.

రెండోదాంట్లో ముందున్న రెండు గుర్రాలు ఒకదాన్నొకటి కోపంగా చూసుకుంటుంటే, మా క్యారెట్ రంగు ఆ రెండింటి మధ్య, మగ్గం మీద పడుగు దారాల నడుమ నాడె దూరినట్టు దూరిపోయింది. మూడోదాంట్లో రాణి రంగు గుర్రం సరిగ్గా గీత దగ్గర తుమ్మింది, ఆ తుమ్ముకు తల ముందుకు వచ్చి గెలిచింది. నాలుగోది పిస్తా. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, అది ఒక్కటే పరుగెత్తుతున్నట్టు వచ్చింది. "భాయ్, అబ్ కౌన్‌సా రంగ్?" అని కాకా అడుగుతుంటే బావ తన చేతులు ఎత్తి చూపించాడు.

అయిదో పందెం మొదలయ్యేసరికి బావ నిలబడి ఉన్నాడు. మలుపు తిరిగేటప్పుడు ఫిరోజీ చొక్కా అందరికంటే ముందుంది. బావ అరిచాడు, "రా బిడ్డా, రా." గీత దగ్గర వెనకనుంచి ఇంకో గుర్రం వచ్చి, ముక్కు తేడాతో మా రాజ్యాన్ని ఎత్తుకుపోయింది. నేను నెత్తి పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను.

"పోయింది బావా. అయిదోది పోయింది."

ఆయన మైదానం వైపు చూశాడు, నా వైపు చూశాడు, నవ్వడం మొదలుపెట్టాడు. అలా ఇలా కాదు. కూర్చున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు, నా వీపు మీద కొట్టాడు, మళ్లీ నవ్వాడు. కాకా కూడా నవ్వుతున్నాడు. ఇంత పోగొట్టుకున్నవాడు అంత నవ్వడం నేను ఎక్కడా చూడలేదు.

ఇక్కడ నా ఒట్టు కొంచెం సడలించాలి.

నేను కల్పించింది నాలుగు గెలుపులు, ఒక ఓటమి. మా చిలకపచ్చ మొదటి పందెంలోనే ఎక్కడో వెనకపడింది. టికెట్టు అప్పుడే చచ్చిపోయింది. బావ ముఖం మళ్లీ పాత ముఖం అయిపోతుందేమోనని భయం వేసి, "మనదే గెలిచింది" అని అరిచాను. ఇంగ్లీషు బోర్డు ఆయనకు అర్థం కాదు, గుర్రాలు ఎటు పోయాయో దుమ్ములో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. వరాఛా కాకా ఒక్కసారి నా ముఖం, ఒక్కసారి బావ ముఖం చూసి, అడక్కుండానే "జీత్ గయా" అని వంత పాడాడు. ముక్కూ ముఖం తెలియని ఆ మనిషి నా అబద్ధానికి భుజం పట్టినందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. అలా ఒక్కటీ గెలవకుండా నాలుగూ గెలిచాం. అయిదోదాని దగ్గర చిక్కు వచ్చింది. అది కూడా గెలిపిస్తే డబ్బులు ఇచ్చే కిటికీ దగ్గరికి తీసుకుపోవాలి. ఎలాగైనా దాన్ని ఓడించాలని నిర్ణయించుకున్నాను. తీరా చూస్తే, దేశంలో ఎవరూ నమ్మని ఆ ఫిరోజీ చొక్కా నిజంగానే గెలిచింది. ముక్కు తేడా కాదు, వెనకవాళ్లకు తోక కూడా అందనంత దూరంతో. అందరి కళ్ల ముందు అది గెలుస్తుంటే నేను నెత్తి పట్టుకుని ఏడుస్తున్నాను.

రైలు సూరత్ దగ్గరికి వస్తుండగా బావ అన్నాడు, "పొద్దుగాల్నించి ఓడినదాన్నల్ల గెలిచిందన్నవు. గెలిచిన ఒక్కదాన్ని పట్టుకొని ఓడిందని ఏడిస్తివి. రంగులల్ల బతికెటోన్ని బావా, గుర్రాలు తెల్వకున్నా చొక్కాలు తెల్వయా నాకు?"

"మరి మొదట్నే ఎందుకు అనలే?"

"నువ్వు ఎందాక పోతవో సూద్దామని."

ఆ ఫిరోజీ చొక్కా గుర్రానికి నేను ఒక్క గుప్పెడు గడ్డి కూడా పెట్టలేదు. దానికి రుణపడి ఉన్నాను.

ఉగాదికి బావ ఊరికి పోయాడు. నా భార్య స్టేషన్‌లో కళ్లు తుడుచుకుంది. పండుగ దాటిన వారంలోనే పొద్దున్నే మా తలుపు కొట్టాడు, చంకలో సంచి, రంగంతా వదిలి తెల్లబడ్డ చేతులు. తిరుగు టికెట్టు తీసుకునే బయల్దేరాడని అప్పుడు తెలిసింది.

"ఏందన్నా, గింత జల్ది వస్తివి?" అంది నా భార్య.

"ఊర్లె అందరు నిజమే మాట్లాడుతున్నరు చెల్లె," అన్నాడు బావ చెప్పులు విడుస్తూ. "పొద్దు పోతలేదు."