మా ఇంటిపేరు తోకచుక్క

పెండ్లయి మా ఊరు రేగుంట నుంచి వచ్చినకాడ్నుంచి ఈ మహారాష్ట్ర సిరొంచల నన్ను రేగుంటామె అనే పిలుస్తరు. నా పేరుగానీ, మా తల్లిగారి ఇంటిపేరుగానీ ఒక్కల నోట్ల రాదు. అందుకే ఆ తోకచుక్క మీద నాకు ఆశ పుట్టింది.

తెల్లారగట్ల వాకిట్ల సాన్పి సల్లుతాంటె తూర్పుదిక్కు అడివి మీద కనబడ్డది, చీపురుతోని ఊడ్చిన గీత లెక్క. మా ఆయనను లేపిన. ఆయనకు అద్దాలు దొరికేసరికి తెల్లారనే తెల్లారింది. చాయ్ తాగుకుంట సంగతి చెప్తే మా మరిది బిడ్డ, డిగ్రీ చదివే పిల్ల, మొదలు చూసినోళ్ల ఆడనావ్ పెడ్తరు పెద్దమ్మా అన్నది. ఆడ నావేందని మా అత్త ప్రాణహిత దిక్కు చూసింది. మరాఠీల ఇంటిపేరును అట్లంటరని పిల్ల చెప్పినంక మా ఆయన ఛాతీ ఉబ్బింది. మా దుకాణానికి బోర్డే లేదు, ఆకాశం మీద ఇంటిపేరట.

చూసింది నేను, మా తల్లిగారి పేరే పెట్టాలన్న.

"ముప్పయ్యేండ్లాయె వచ్చి. ఇంక మీ ఇంటిపేరేంది?" అన్నడు మా ఆయన.

"చూసిన కండ్లు మా అవ్వగారింటి నుంచి తెచ్చుకున్నయే."

మా అత్తకు వేరే గుబులు. ఆ చుక్క ఆఖరుకు ఏమైతదని పిల్లను అడిగింది. కొన్ని సూర్యుని దగ్గరికి పోయి పగిలిపోతయట. మా అత్త చాయ్ కింద పెట్టింది. మన ఇంటిపేరు పెట్టుకున్నంక అది మన వంశంల పాలోడే, పోతే పదిరోజులు మైల అన్నది. పిల్ల నిశ్చితార్థం పదిహేను రోజులల్ల ఉన్నది.

మా ఆయన జర సల్లబడ్డడు. మీ ఇంటిపేరే కానియ్ అని నాకు మర్యాద చేసిండు. మా అన్నకు ఫోన్ చేస్తే ఆయనింట్ల గృహప్రవేశమట, వాళ్లకు గూడ మైల వద్దట. అంత పెద్ద చుక్కను రెండిండ్లల్ల ఎవరు తీసుకోకపాయిరి.

నేను పట్టు ఇడువలే. చుక్కలకు పేర్లు పెట్టే ఆఫీసుకు పిల్లతోని దరఖాస్తు రాపిచ్చిన. ఇంటిపేరు జాగల రేగుంట అని రాయమన్న. ఊరుకు మైలుండదు.

జవాబొచ్చింది. దాన్ని పోయినేడే ఎక్కడో గుట్ట మీది దుర్బీను చూసిందట, ఆ దుర్బీను పేరే పెట్టిండ్రట. ఇంట్ల అందరు నిమ్మళపడ్డరు, నేను తప్ప.

నాలుగొద్దులకు అది పగిలిపోయిందని పిల్ల ఫోన్ల చదివి చెప్పింది. మా అత్త లేచి, బకీటు నిండ నీళ్లు పట్టి, నన్ను పిలిచింది.

"దుర్బీనుది గదా అత్తా, మనకేంది?"

"చూసినదానివి నువ్వు గదనే. చూసినోళ్లకు ఒక్కపూట మైల పడ్తది."

మా అత్త తలమీదికెళ్లి పోసింది. సలికి పండ్లు కొట్టుకుంటున్నయి గానీ, ఇంకో చెంబు పొయ్యమన్న.