టీకొట్టు దగ్గర మైనస్ చూపిన మీటరు

తొమ్మిదో తరగతిలో నాకు వచ్చిన సున్నాలు చూసి, వీడికి పట్టు దీని మీదే ఉందని దేవుడు అనుకున్నట్టున్నాడు. బడి మానేసిన వాణ్ణి తీసుకొచ్చి సున్నాలు పెట్టే ఉద్యోగంలోనే కూర్చోబెట్టాడు.

కర్నూలు అవతల మా ఫ్యాక్టరీలో క్లోరిన్ గ్యాసు సిలిండర్లలో నింపుతారు. నింపేవాళ్ళ చొక్కాకు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మీటరు ఒకటి తగిలిస్తాం. గాలిలో గ్యాసు ఎంతుందో అది చూపిస్తుంది, ఎక్కువైతే అరుస్తుంది. ఆ మీటర్లు నిజం చెప్పేట్టు చూడటం నా పని. రోజూ మంచి గాలిలో బటన్ నొక్కి సున్నా పెట్టాలి, అంటే గ్యాసు లేని గాలి ఇదీ అని దానికి చెప్పాలి. నెలకోసారి, లోపల ఎంత గ్యాసుందో పైన రాసి ఉన్న చిన్న డబ్బా తెరిచి, మీటరు అంతే చూపుతోందా అని చూసి, తేడా ఉంటే సరిచేయాలి.

మంచి గాలి అంటే ఎక్కడిదో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మీటర్ల ఛార్జింగు బోర్డు సిలిండర్లు నింపే షెడ్డు గుమ్మం పక్కనే ఉండేది కాబట్టి అందరూ అక్కడే వరుసగా నిలబడేవాళ్ళు. స్విచ్చి వెయ్యి, సున్నా నొక్కు, చొక్కాకు తగిలించు. నాకు ముందున్నాయన అట్లాగే చేశాడు, నేనూ మూడేళ్ళు అట్లాగే చేశాను.

షెడ్డులో చివరి పైపు దగ్గర పనిచేసే పెద్దాయనది ఆత్మకూరు దగ్గర పల్లె. ఆదివారం వాళ్ళ చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. వాళ్ళ తాత కాలం నుంచీ అది ఆ ఇంటివాళ్ళ పని. ఆయనను నేను మామా అంటాను, నన్ను ఆయన అల్లుడా అంటాడు. ఆయనకు కూతుళ్ళు లేరు కాబట్టి ఇద్దరికీ నష్టం లేదు.

పోయిన ఎండాకాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. గొంతు బొంగురుపోయింది.

"అల్లుడా, షెడ్డులో ఏదో ఉండాది," అన్నాడు ఒక పొద్దున.

"మీటరు సున్నా అంటాంది గదా మామా. బీడీలు తగ్గించు."

"బీడీ మానేసి పదేండ్లాయ."

"అయితే పాటలు తగ్గించు."

వరుసలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "తగ్గించేదేముండాది? పాట ఇంకొకరికి ఇయ్యమని చర్చిలో అడిగినారు," అన్నాడు.

ఆ రోజే టీ తాగడానికి రోడ్డు దాటాం. మామ మీటరు తీయడం మరిచిపోయి చొక్కాకే పెట్టుకొచ్చాడు. గ్లాసు అందుకుంటూ దాన్ని చూశాను. అంకెకు ముందు చిన్న గీత.

"ఇదేంది మామా, సున్నా కంటే తక్కువ చూపిస్తాంది? బడిలో నాకే రాలేదే ఇట్లాంటి మార్కు!"

అనేశాక గ్లాసు బల్ల మీద పెట్టేశాను. బస్సుల పొగ తాగే టీకొట్టు గాలి సున్నా కంటే తక్కువైతే, నేను గుమ్మంలో సున్నా అని నొక్కిన గాలిలో గ్యాసు ఉన్నట్టే కదా. తక్కెడలో రాయి పెట్టి, ముల్లు నడిమికి తెచ్చుకున్నట్టు. మూడేళ్ళుగా ఆ రాయి పెడుతున్నది నేనే.

మామను టీకొట్టు దగ్గరే కూర్చోబెట్టాను. ఆయనదీ కలిపి షెడ్డుకున్న ఆరు మీటర్లూ టిఫిన్ సంచిలో వేసుకుని, గాలి ఫ్యాక్టరీ మీదికి వీచే వైపున్న, పంట కోసేసిన శనగ చేలోకి పోయాను. అక్కడ సున్నా పెట్టి, డబ్బా గ్యాసుతో సరిచూసి తెచ్చాను. షెడ్డు గుమ్మంలో కాలు పెట్టానో లేదో, ఆరూ ఒక్కసారే అరిచాయి.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, మీటర్లన్నీ చెడగొట్టినావా? ఈడనే సున్నా నొక్కు, నోరు మూసుకుంటాయి."

"నొక్కను సార్."

"ఏం?"

"మూడేండ్లు నొక్కినా. మామ నోరు మూతపడింది."

"బయట లోడు లారీ నిలబడుకోనుండాది."

"నిలబడనీ సార్. లారీ ఏమన్నా పాట పాడల్లా?"

ఆయన సంచి కోసం చెయ్యి చాపాడు. నేను సంచి వదల్లేదు. చివరికి మాస్కులు, అమ్మోనియా సీసా తెప్పించాడు. అమ్మోనియాలో ముంచిన గుడ్డను క్లోరిన్ కారే చోటికి చేరిస్తే తెల్లటి పొగ లేస్తుంది. పైపులన్నీ చూసుకుంటూ పోయాం. మామ పనిచేసే చివరి పైపు వాల్వు దగ్గర అగరొత్తి పొగంత సన్నగా లేచింది. మా ముక్కులు ఎప్పుడో ఆ వాసనకు అలవాటుపడి మొద్దుబారాయి, అంతే. ఆ పూట నింపడం ఆపి వాల్వు మార్చారు.

గ్యాసుకు దూరంగా ఉండమని డాక్టరు చెప్పడంతో మామను గేటు దగ్గరికి మార్చారు. నేను రోజూ పొద్దున సంచితో రోడ్డు దాటుతాను. దారిపోయేవాళ్ళు చేలో టిఫిను తినడానికి పోతున్నాననుకుంటారు. డ్యూటీ ఎక్కేముందు మామ కూడా వెంట వస్తాడు, నేను సరిగ్గా నొక్కుతున్నానో లేదో చూడటానికి. నన్ను నమ్మడు. నమ్మకూడదు కూడా.

మొన్న నేను సున్నా పెడుతుంటే, గట్టు మీద నిలబడి ఏదో పాట ఎత్తుకున్నాడు. మొదటి మాట బాగానే వచ్చింది. పైకి పోయేచోట గొంతు చీలింది.

"ఎట్లుండాది అల్లుడా?"

"ఇంకా కొంచెం మైనస్‌లోనే ఉండాది మామా."

నవ్వాడు. నవ్వు చివర దగ్గొచ్చింది. అది తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.